రిపోర్టులు మంచిగున్నయి, మనిషే మంచిగ లేడు

భివండి నుంచి ఒక చెల్లె ఉత్తరం రాసింది. పేరు వెయ్యొద్దన్నది, వేస్తలేను. ఆమె పెనిమిటి మిలట్రీలో పదిహేడేండ్లు చేసి పింఛను మీద ఇంటికి వచ్చాడు. ఉత్తరంలో మాటలు ఇవి:

"కాకా, పొద్దున మంచం మీదికెల్లి లేవంగనే కండ్లు తిరుగుతయి. గుండె దడదడ కొట్టుకుంటది. ఒక్క అంతస్తు ఎక్కి దిగితే మళ్ళా రెండు రోజులు లేవడు. రెండు ముద్దలకే కడుపు నిండిందంటడు. ఎండకాలం కూడా కాళ్ళకు చెమట రాదు. రక్తం, మూత్రం, ఎక్స్‌రే, ఈసీజీ అన్నీ తీసిండ్రు. అన్నీ మంచిగున్నయట. డాక్టరు ఆయన దిక్కు చూడకుండ నా దిక్కు చూసి, 'ఏం లేదమ్మా, మనసుకు పెట్టుకుంటుండు' అన్నడు. ఇంట్ల మా అత్త కూడా గదే మాట పట్టుకున్నది. ఇది రోగమా, నఖరాలా, మీరే చెప్పుండ్రి."

చెల్లే, నేను డాక్టరును కాను. ముంబై మున్సిపాలిటీ తెలుగు బడిలో నాలుగో తరగతి దాకా చదివి, మిల్లులో సాంచాలు నడిపి దిగినోణ్ణి. మీ ఆయనకు ఏముందో ఇక్కడ కూర్చొని నేను చెప్పలేను, చెప్పకూడదు కూడా. కానీ మీరు రాసిన ఈ మాటలే, దాదాపు ఇదే వరుసలో, ముప్పై ఏండ్లకు పైగా వేల మంది సిపాయిలు చెప్తూ వచ్చారు. వాళ్ళు అమెరికా సిపాయిలు, ఇంగ్లాండు సిపాయిలు. వాళ్ళకు కూడా మొదట మీకు దొరికిన జవాబే దొరికింది. ఆ తర్వాత ఏం తేలిందో తెలిస్తే మీ ఇంట్లో మాట కొంచెం మారుతుందని ఈ నెల అదే రాస్తున్నాను. ఇంగ్లీషు కాగితాలు నర్సింగ్ చదివే మా తమ్ముని మనవరాలు చదివి చెప్పింది. నేను తెలుగులో రాసుకొని, తిరిగి ఆమెకే చదివి వినిపించి, సరే అన్న తర్వాతనే పంపుతున్నాను.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. ఇది మన పేటల్లో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఎంతోమంది అక్కడ పనికి పోయి ఉన్నారు. మన దేశం వాళ్ళను లక్షన్నర మందికి పైగా జోర్డాన్ దేశం అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా విమానాల్లో తెచ్చారు. కట్టుబట్టలతో దిగినవాళ్ళ ఫోటోలు పేపర్లలో చూశాం. మనకు ఆ కథ అక్కడితో అయిపోయింది. కానీ 1991 జనవరి 17న అమెరికా, దాని తోటి దేశాలు బాంబులు మొదలుపెట్టాయి. నేల మీద యుద్ధం ఫిబ్రవరి చివర్లో నాలుగు రోజులే. అమెరికా పంపిన సిపాయిలు దాదాపు ఏడు లక్షలు. చచ్చినవాళ్ళు తక్కువ, గెలుపు పెద్దది. ఊరేగింపులు చేసి ఇండ్లకు తీసుకుపోయారు.

ఇండ్లకు పోయిన కొన్నాళ్ళకు ఒక్కొక్కరు కూలబడటం మొదలైంది. నిద్రపోయి లేచినా అలసట తీరదు. ఒళ్ళంతా నొప్పులు. నిలబడితే తల తిరుగుడు. నీళ్ళ విరేచనాలు. మాట మధ్యలో మాట మరిచిపోవడం. ఇరవై అయిదేండ్ల పిల్లలు, తుపాకీ మోసి పరుగెత్తినవాళ్ళు, ఇంటి ముందర గడ్డి కోయలేక కూర్చున్నారు. దవాఖానాకు పోతే రక్తం మంచిగుంది, గుండె మంచిగుంది, ఎక్స్‌రే మంచిగుంది. అయితే మరి మనిషి సంగతేంది? యుద్ధం చూసిన భయం, మనసు బాధ, పోయి మాత్రలు వేసుకో అన్నారు.

భయం లేదని కాదు. యుద్ధం చూసినవాడికి మనసు చెదిరితే అది కూడా నిజమైన జబ్బే, దానికీ మందుంది. కానీ వీళ్ళలో చాలామంది తుపాకీ పేల్చనే లేదు. వంటవాళ్ళు, లారీ డ్రైవర్లు, రోడ్లు బిల్డింగులు కట్టేవాళ్ళు ఉన్నారు. 2008లో అక్కడి ప్రభుత్వమే వేసిన పరిశోధన కమిటీ లెక్క చూసి, ఆ యుద్ధానికి పోయినవాళ్ళలో కనీసం నలుగురిలో ఒకరికి ఈ జబ్బు ఉందని, ఇది మనసు బాధ వల్ల వచ్చింది కాదని రాసింది. నలుగురిలో ఒకరు! మన ఖాతాలో వంద మంది ఉంటే ఇరవై అయిదు మంది అన్నట్టు.

ఈ ముచ్చట కొత్తది కూడా కాదు. 1861 నుంచి 1865 దాకా అమెరికాలో వాళ్ళలో వాళ్ళకే యుద్ధం జరిగింది. అప్పుడు ఫిలడెల్ఫియాలో డా కోస్టా అనే డాక్టరు దగ్గరికి సిపాయిలు వచ్చారు. గుండె దడ, ఆయాసం, కండ్లు తిరుగుడు. గుండె మీద చెవి పెట్టి వింటే తప్పేమీ లేదు. ఆయన వాళ్ళను తరిమెయ్యలేదు. మూడు వందల మందిని చూసి, ఓపికగా రాసి, 1871లో అచ్చు వేయించాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లాండు సిపాయిలకు అదే వస్తే 'సిపాయి గుండె' అని పేరే పెట్టారు. అంటే ప్రతి యుద్ధం తర్వాత ఈ మనుషులు వస్తూనే ఉన్నారు. వాళ్ళ మాట వినే డాక్టర్లే తక్కువ.

మిల్లువాళ్ళకు ఇది నేను ఎక్కువ విడమరిచి చెప్పక్కర్లేదు. బ్లోరూంలో, కార్డింగ్ ఖాతాలో చేసినవాళ్ళు సోమవారం సంగతి చెప్పండి. ఆదివారం ఇంట్లో ఉన్నన్ని గంటలు మంచిగనే ఉంటాడు. సోమవారం పాళీ ఎక్కిన కొన్ని గంటలకు రొమ్ము పట్టేస్తుంది, దమ్ము ఆడదు. బుధవారం వరకు తేలికవుతుంది. మొదటి ఏండ్లలో ఎక్స్‌రే తీస్తే తెల్లగా ఏమీ కనపడదు. "సోమవారం పనికి బద్ధకం, అందుకే దగ్గుతున్నడు" అన్న జాబర్లను నేను ఎరుగుదును. అది బిస్సినోసిస్ అనే పత్తి దుమ్ము జబ్బని, సోమవారం పాళీకి ముందు ఒకసారి, పాళీ తర్వాత ఒకసారి ఊదించి చూస్తే శ్వాస పడిపోయినట్టు అంకెల్లో తెలుస్తుందని తర్వాత తెలిసింది. ఇప్పుడు నష్టపరిహారం చట్టంలో కూడా దాని పేరు ఉంది. జబ్బు ముందే ఉంది. చూడాల్సిన దినం, చూడాల్సిన పరీక్ష వేరు, అంతే.

సిపాయిల విషయంలో ఎక్కడ చూడాలి? ఇక్కడ నరాల సంగతి కొంచెం చెప్పాలి.

మన ఒంట్లో రెండు రకాల నరాలు పని చేస్తాయి అనుకోండి. ఒకటి మనం చెప్తే చేసేది. చెయ్యి ఎత్తు అంటే ఎత్తుతుంది, తెగిన పోగు ముడి వెయ్యి అంటే వేస్తుంది. రెండోది మనం చెప్పకుండానే చేసేది. గుండె ఎంత జోరుగా కొట్టుకోవాలి, రక్తనాళాలు ఎంత బిగవాలి, చెమట ఎప్పుడు పట్టాలి, తిన్నది పేగుల్లో ఎంత వేగంగా జరగాలి, కంటి పాప ఎంత తెరవాలి, మూత్రం ఎప్పుడు ఆపాలి, ఎప్పుడు వదలాలి. ఇవన్నీ మనం నిద్రలో ఉన్నా నడుస్తాయి. పుస్తకాల్లో దీన్ని స్వయంచోదిత నాడీ వ్యవస్థ అంటారు. నేను 'తనంతట నడిచే నరాలు' అంటాను.

ఈ నరాల్లో మళ్ళీ రెండు జట్లు. ఒక జట్టు తొందర పెట్టేది. పరుగెత్తు, గుండె పెంచు, రక్తనాళం బిగించు అంటుంది. ఇంకో జట్టు నెమ్మది చేసేది. తిన్నది అరిగించు, గుండె తగ్గించు, రిపేరు చేసుకో అంటుంది. పగలు మొదటిది ఎక్కువ, రాత్రి రెండోది ఎక్కువ. పగటి పాళీ వాడు దిగాలి, రాత్రి పాళీ వాడు ఎక్కాలి. ఇద్దరి మధ్య చార్జి ఇచ్చిపుచ్చుకోవడం సరిగ్గా జరిగితే మనిషి మంచిగుంటాడు.

మీరు పడుకొని లేచి నిలబడ్డారు. అరలీటరు, ముప్పావు లీటరు రక్తం ఒక్కసారిగా కాళ్ళలోకి, పొట్టలోకి జారుతుంది. తనంతట నడిచే నరాలు అదే క్షణంలో కాళ్ళ రక్తనాళాలు బిగించి, గుండె కొంచెం పెంచి, తలకు రక్తం తగ్గకుండా చూస్తాయి. ఆ నరాలు దెబ్బతింటే రక్తం కిందనే ఉంటుంది. తల తిరుగుతుంది, కండ్లు చీకట్లు కమ్ముతాయి. లేదంటే బీపీ నిలబెట్టడానికి గుండె పిచ్చిగా కొట్టుకుంటుంది. ఇక్కడ గుండెకు జబ్బేమీ లేదు. దానికి వచ్చే ఆర్డరే తప్పు. అందుకే పడుకోబెట్టి ఈసీజీ తీస్తే మంచిగనే వస్తుంది. సాంచా ఆపిపెట్టి చూస్తే పోగు ఎక్కడ తెగుతుందో ఎట్లా తెలుస్తుంది? నడుస్తున్నప్పుడు చూడాలి.

మరి సిపాయిలకు ఈ నరాలు ఎందుకు దెబ్బతిన్నాయి? ఇక్కడ కథ పురుగుమందు దగ్గరికి వస్తుంది. పత్తి పండించే ఊర్ల నుంచి వచ్చినవాళ్ళం కాబట్టి మనం జాగ్రత్తగా వినాల్సింది ఇదే.

1936లో జర్మనీలో గెరార్డ్ ష్రాడర్ అనే రసాయనాల మనిషి పంట పురుగులను చంపే మందు కోసం వెతుకుతున్నాడు. పురుగులతో పాటు తనకు కూడా చూపు మసకబారింది, ఊపిరి ఆడలేదు. అది టాబున్ అనే విషం. 1938లో ఇంకో విషం తయారైంది, దాని పేరు సారిన్. సైన్యం దాన్ని యుద్ధానికి తీసుకుంది. అంటే మన పొలాల్లో కొట్టే కొన్ని పురుగుమందులు, యుద్ధంలో వాడే నరాల విషం ఒకే కడుపున పుట్టినవి. ఒకటి అన్న, ఒకటి తమ్ముడు. పని చేసే తీరు కూడా ఒకటే. నరం కొసన ఎసిటైల్‌కోలిన్ అనే పదార్థం వచ్చి కబురు చెప్తుంది. కబురు అందగానే దాన్ని తుడిచెయ్యడానికి ఒక ఎంజైము ఉంటుంది. ఈ విషాలు ఆ తుడిచేవాణ్ణి కట్టేస్తాయి. కబురు ఆగకుండా మోగుతూనే ఉంటుంది. నోట్లో నురగ, కండ్లలో నీళ్ళు, చెమటలు, కండరాల వణుకు, చివరికి ఊపిరి ఆగడం. తనంతట నడిచే నరాల్లో కబుర్లు ఎక్కువగా ఈ పదార్థం మీదనే నడుస్తాయి కాబట్టి మొదటి దెబ్బ వాటికే.

ఇప్పుడు ఆ సిపాయిలకు ఏమేమి తగిలాయో చూడండి. మొదటిది మాత్రలు. ఇరాక్ నరాల విషం వదులుతుందేమో అన్న భయంతో పిరిడోస్టిగ్మిన్ అనే మాత్ర ఇచ్చారు. ఎనిమిది గంటలకు ఒకటి, ఒక అట్టకు 21, వారానికి సరిపడా. ఈ మాత్ర కూడా ఆ తుడిచేవాణ్ణే కొంచెంసేపు పట్టుకుంటుంది. విషం వచ్చి వాణ్ణి పూర్తిగా కట్టెయ్యకుండా ముందే కాస్త దాచిపెట్టే ఉపాయం. రెండున్నర లక్షల మంది ఎన్నో కొన్ని వేసుకున్నారని లెక్క. రెండోది పురుగుమందులు. ఎడారిలో ఈగలు, దోమలు. గుడారాలకు మందు కొట్టారు, బట్టలకు కొట్టారు, ఒంటికి పూసుకున్నారు. కొందరైతే కుక్కల మెడకు కట్టే పిడుదుల పట్టీలు కూడా కట్టుకున్నారంటే నమ్ముతారా? మూడోది విషమే. 1991 మార్చిలో, యుద్ధం ఆగిన తర్వాత, ఇరాక్ దక్షిణాన ఖమీసియా అనే చోట ఆయుధాల గోదాములను అమెరికా ఇంజనీర్లు పేల్చేశారు. అందులో సారిన్ నింపిన రాకెట్లున్నాయని వాళ్ళకు తెలియదు. పొగ లేచింది. అట్లాంటిదేం లేదని అయిదేండ్లు చెప్పి, 1996లో అమెరికా రక్షణ శాఖ ఒప్పుకున్నది. ఆ పొగ కింద దాదాపు లక్ష మంది ఉండొచ్చని తర్వాత లెక్క వేసి ఉత్తరాలు పంపారు. యుద్ధం నడుస్తుండగా కూడా విషం ఉందని చెప్పే అలారాలు ఎన్నోసార్లు మోగాయి. ఉత్తుత్తివే పడుకోండి అన్నారు. ఎవ్వరూ అక్కడికక్కడ నురగలు కక్కి పడలేదు కాబట్టి ఎవ్వరికీ ఏం కాలేదని పై అధికారుల వాదన.

టెక్సాస్‌లో డల్లాస్ నగరం వైద్య విశ్వవిద్యాలయంలో రాబర్ట్ హేలీ అనే డాక్టరు ఈ వాదన ఒప్పుకోలేదు. రాస్ పెరో అనే పెద్ద వ్యాపారి మొదట్లో డబ్బు ఇచ్చాడు. హేలీ నౌకాదళంలో రోడ్లు, షెడ్లు కట్టే ఒక పటాలాన్ని పట్టుకున్నాడు. అందులో 249 మందిని అడిగి, చూసి, 1997లో మొదటి రిపోర్టులు అచ్చు వేయించాడు. తర్వాత అదే పటాలంలో జబ్బు పడ్డవాళ్ళను, జబ్బు పడనివాళ్ళను పక్కపక్కన పెట్టి ఇరవై నాలుగు గంటలు గుండె కొట్టుకునే తీరు రికార్డు చేశారు. 2004లో అచ్చయింది.

అందులో కనపడింది నాకు బాగా మనసుకు పట్టింది. గుండె గడియారం లాగ ఒకే తీరుగా కొట్టుకోదు. ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య వ్యవధి కొంచెం కొంచెం మారుతుంటుంది. రాత్రి నిద్రలో నెమ్మది జట్టు చార్జి తీసుకుంటే ఆ మార్పు పెరుగుతుంది. అది మంచి గుర్తు. మంచిగున్న సిపాయిలకు రాత్రి పెరిగింది. జబ్బు పడ్డవాళ్ళకు పెరగలేదు. పగలు ఇద్దరికీ తేడా పెద్దగా లేదు, రాత్రే తేడా. అంటే రాత్రి పాళీ వాడు డ్యూటీకి రాలేదన్నట్టు. పడుకున్నా ఒళ్ళు రిపేరు కావడం లేదు. "ఎనిమిది గంటలు పడుకున్నా అలసట తీరలేదు" అని వాళ్ళు మొత్తుకున్నది నఖరా కాదు. కాగితం మీద గీత వచ్చింది.

2013లో ఇంకా కొంతమందిని కలిపి, అందరూ వందకు లోపే, మళ్ళీ చూశారు. ఈసారి చెమట పరీక్ష కూడా పెట్టారు. చర్మం మీద చిన్న గిన్నె లాంటిది అంటించి, నరాన్ని కొంచెం రేపి, ఎంత చెమట వస్తుందో కొలుస్తారు. జబ్బు ఉన్నవాళ్ళకు పాదాల దగ్గర చెమట తగ్గింది. పొడవైన నరాల కొసలే ముందు ఎండుతాయి, చెట్టుకు చిటారు కొమ్మ ముందు ఎండినట్టు. చెల్లె రాసిన 'కాళ్ళకు చెమట రాదు' అన్న మాట చదివినప్పుడు నాకు ఇదే గుర్తుకొచ్చింది.

ఒకే గుడారంలో పడుకున్నవాళ్ళలో ఒకడు కూలబడితే ఇంకొకడు ఎందుకు మంచిగున్నాడు? దీనికి 2022లో ఒక జవాబు వచ్చింది. సారిన్ లాంటి విషాన్ని రక్తంలోనే విరగ్గొట్టే ఎంజైము మనందరికీ పుట్టుకతో ఉంటుంది. కొందరిది ఈ పనిలో గట్టిది, కొందరిది బలహీనం. హేలీ జట్టు జబ్బున్నవాళ్ళు 508 మందిని, లేనివాళ్ళు 508 మందిని తీసుకొని చూసింది. అలారాలు విన్నవాళ్ళలో, బలహీనమైన రకం ఉన్నవాళ్ళకు జబ్బు బాగా ఎక్కువ. విషం ఒక్కటే కాదు, పుట్టుక ఒక్కటే కాదు, రెండూ కలిస్తే. పక్కవాడికి ఏం కాలేదు కదా, నీకే ఎందుకు అని అడిగే అత్తలకు, ఆఫీసర్లకు ఈ ముచ్చట వినిపించాలి.

పరిశోధన చేసేవాళ్ళందరూ ఒకే మాట మీద లేరు, అది కూడా చెప్పాలి. 2008 కమిటీ మాత్రలను, పురుగుమందులను ముందు పెట్టింది. హేలీ సారిన్‌ను ముందు పెడతాడు. కానీ జబ్బు నిజమా కాదా అన్న పోట్లాట చాలావరకు ముగిసింది. డబ్బు పోట్లాట ముగియలేదు. పేరు పెట్టని జబ్బుకు కూడా ఈ సిపాయిలకు పరిహారం ఇవ్వొచ్చని అమెరికా 1994లోనే చట్టం చేసింది. అయినా 2017లో వాళ్ళ ప్రభుత్వ ఆడిటు సంస్థ చూస్తే, ఈ జబ్బు కింద పెట్టిన వంద అర్జీల్లో ఒప్పుకున్నవి 17 మాత్రమే. చట్టం ఒకటి, కౌంటరు దగ్గర గుమాస్తా ఇంకొకటి. ఈ రుచి మనకు తెలిసిందే.

ఇక మన దిక్కు చూద్దాం. మన ఊర్లలో పత్తి చేలకు ఏండ్ల తరబడి కొట్టిన మోనోక్రోటోఫాస్ లాంటి మందులు ఈ కుటుంబానివే. 2017లో మన మహారాష్ట్రలోనే యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ ఇరవై మంది దాకా రైతులు, కూలీలు చచ్చిపోయారు. చచ్చినవాళ్ళ లెక్క పేపర్లో వచ్చింది. కొట్టి బతికి, ఆ తర్వాత ఏండ్ల తరబడి 'తల తిరుగుతుంది, ఒళ్ళు పట్టు తప్పింది' అనేవాళ్ళ లెక్క ఎవరు రాస్తారు? సెలవులకు కరీంనగర్, వరంగల్ దిక్కు పోయి అన్నదమ్ముల చేలో పంపు ఎత్తుకునే మన పిల్లలకు చెప్పండి. గాలికి ఎదురుగా కొట్టొద్దు, ఒట్టి ఒంటితో కొట్టొద్దు, కొట్టిన బట్టలు పిల్లల బట్టలతో కలిపి ఉతకొద్దు.

ఇంకో మాట సిపాయిలకు కాదు, మన అందరి ఇండ్లకు. తనంతట నడిచే నరాలు దెబ్బతినడానికి మన దగ్గర అన్నిటికన్నా ఎక్కువ కారణం యుద్ధం కాదు, షుగరు. పదేండ్లుగా షుగరు ఉన్న మనిషి లేవగానే తూలితే, రెండు ముద్దలకే కడుపు నిండితే, కాళ్ళకు చెమట ఆగి మొఖానికి ఎక్కువ పడితే, 'వయసు మీద పడింది' అని వదలొద్దు. ఇట్లాంటివాళ్ళకు గుండెపోటు వచ్చినా నొప్పి తెలియకపోవచ్చు. బీపీ మాత్రలు, పెద్దవాళ్ళ మూత్రం ఇబ్బందికి ఇచ్చే కొన్ని మాత్రలు కూడా లేవగానే బీపీ పడేస్తాయి. కానీ మాత్రలు మీకు మీరే ఆపొద్దు. అట్టలన్నీ సంచిలో వేసుకొని డాక్టరు ముందర పెట్టండి.

చెల్లే, ఇప్పుడు మీరు చేయాల్సింది చెప్తా. దీనికి పెద్ద మిషను అక్కర్లేదు. బీపీ మిషను ఇంట్లో లేకపోతే పక్కింట్లో అడగండి. ఆయన్ని అయిదు నిమిషాలు వెల్లకిలా పడుకోబెట్టండి. బీపీ, నాడి చూసి తేదీ వేసి రాయండి. లేచి నిలబడమనండి, మీరు పక్కనే ఉండండి, పడితే పట్టుకోవాలి. ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్ళీ చూడండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే డాక్టరుకు చెప్పాల్సిన సంగతే. బీపీ పడకుండా నాడి మాత్రం పది నిమిషాల లోపల 30కి పైగా పెరిగి అట్లనే ఉంటే అది కూడా చెప్పాల్సిందే. కండ్లు చీకట్లు కమ్ముతున్నాయంటే పరీక్ష ఆపి పడుకోబెట్టండి. మూడు నాలుగు దినాలు, పొద్దున లేవగానే ఒకసారి, తిన్న తర్వాత ఒకసారి. ఆ కాగితం పట్టుకొని పోండి.

మీ ఆయన పింఛను సిపాయి కాబట్టి మాజీ సైనికుల వైద్య పథకం ఉంది, ఈసీహెచ్ఎస్ అంటారు, 2003లో మొదలైంది. కార్డు లేకపోతే మొదలు అది చేయించండి. వాళ్ళ పాలీక్లినిక్‌లో కాగితం చూపించి, "పడుకున్నప్పుడు ఇంత, నిలబడితే ఇంత, నరాల డాక్టరుకు రాయండి" అని అడగండి. 'నీరసం' అని ఒక్క మాట చెప్తే టానిక్కు రాసి పంపుతారు. అంకెలు చెప్తే వింటారు. పెద్ద దవాఖానాల్లో ఈ నరాలకు వేరే పరీక్షలున్నాయి. మనిషిని బల్ల మీద కట్టి నెమ్మదిగా నిలబెట్టి చూసేది ఒకటి, లోతుగా శ్వాస తీయించి గుండె తీరు చూసేది ఒకటి. రక్తం తక్కువ, థైరాయిడ్, షుగరు లాంటివి కాదని ముందు తేల్చుకుంటారు, అది సరైన పద్ధతే, విసుక్కోవద్దు.

అంతవరకు ఇంట్లో: మంచం మీదికెల్లి ఒక్కసారిగా లేవొద్దు. ముందు కూర్చోవాలి, పాదాలు పదిసార్లు ఆడించాలి, అప్పుడు నిలబడాలి. లేచే ముందు రెండు గ్లాసుల నీళ్ళు తాగితే చాలామందికి తేడా తెలుస్తుంది. అన్నం ఒకేసారి కుప్ప పెట్టకండి, కొంచెం కొంచెం అయిదుసార్లు పెట్టండి. తల వైపు మంచం కోళ్ళ కింద ఇటుక పెట్టి ఎత్తు చేయండి. వేడి వేడి నీళ్ళ స్నానం, ఎండలో లైన్లో నిలబడటం వద్దు, చెమట రాని మనిషికి ఎండదెబ్బ తొందరగా తగులుతుంది. నిలబడి ఉన్నప్పుడు తూలితే కాళ్ళు కత్తెర లాగ ఒకదాని మీద ఒకటి వేసి బిగించాలి, లేదా గొంతుక్కూర్చోవాలి. ఉప్పు ఎక్కువ తినమని కొందరికి డాక్టర్లు చెప్తారు, కానీ బీపీ, గుండె, కిడ్నీ ఇబ్బంది ఉన్నవాళ్ళకు అది విషం. చెప్పకుండా పెంచకండి. కసరత్తు పూర్తిగా మానొద్దు, పడుకొని కాళ్ళు ఆడించేది, కూర్చొని చేసేది కొద్దికొద్దిగా. ఒక దినం మంచిగుందని నాలుగు దినాల పని చేస్తే మళ్ళీ వారం మంచం మీదే.

ఒక వింత కూడా రాయాలి. ఆ సిపాయిలకు అట్టలో ఇచ్చిన పిరిడోస్టిగ్మిన్ మాత్ర ఉంది చూడండి, దాన్నే ఇప్పుడు నరాల డాక్టర్లు నిలబడితే బీపీ పడిపోయే కొందరు రోగులకు లెక్క చూసి ఇస్తారు. కండరాలు బలహీనపడే ఇంకో జబ్బుకు ఎప్పటినుంచో ఇస్తున్నారు. ఎవరికి, ఎంత, ఎందుకు అన్నది చూసి ఇస్తే అదే మందు. అందుకే మందుల దుకాణంలో పేరు చెప్పి కొనుక్కోకండి.

పరీక్షలో ఏం వచ్చిందో, పత్రిక చిరునామాకు ఒక కార్డు రాయండి. అత్తమ్మ తెలుగు చదువుతుందంటే ఈ కాగితం ఆమె చేతికి ఇవ్వండి. చదవలేకపోతే సాయంత్రం చాయ్ తాగేటప్పుడు ఆయన ముందరనే గట్టిగా చదివి వినిపించండి.